బొంగురు గొంతు వెనక గది

నా చెవిని తప్పించుకున్న అబద్ధం మా జిల్లాలో ఇంతవరకూ పుట్టలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, జరిగినదే చెబుతున్నాను. ఒక వేసవిలో పక్క ఊరి తోటలో ఎవడో ఆలూబుఖారాలు దొంగతనంగా తింటూ గింజ ఉమ్మాడు. అది బండ మీద పడ్డ చప్పుడు మా అరుగు మీద నుంచి విని, ఆ పండు ఏ చెట్టుదో, ఉమ్మినవాడికి ఎన్ని ముందుపళ్ళు ఊడాయో చెప్పాను. సాయంత్రానికల్లా దొంగ దొరికాడు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ స్టేషన్లో నన్ను గెంచో అని ఎవరూ పిలవలేదు, ‘చెవి’ అనే పిలిచారు. రిటైరయ్యాక వీధి తలుపుకి ‘ప్రైవేటు డిటెక్టివ్’ అని ఇత్తడి పలక కొట్టించుకున్నా ఆ పేరు వదల్లేదు.

అందుకే పాటగాడు లజర్ తల్లి త్సోనా పొద్దున్నే మా వంటింట్లోకి వచ్చి, జహారిని చంపినవాడి గొంతు రికార్డింగులో దొరికిందట, అది మా వాడి గొంతేనట అని చెప్పినప్పుడు, నేను వింటే తేలిపోతుంది అని ధీమాగా మాట ఇచ్చేశాను.

త్సోనా ఏడవలేదు. జున్ను పెట్టి కాల్చిన బనిత్సా చేసి తెచ్చింది గానీ పళ్ళెం మీద గుడ్డ తియ్యడం మర్చిపోయింది. మధ్యాహ్నం వ్యాన్లో కొడుకుని జిల్లా జైలుకి తీసుకుపోతున్నారని, ఎవరో ఊరికి వెళ్తున్న సంగతి చెప్పినట్టు చెప్పింది. వాడు ఒప్పుకుని సంతకం కూడా పెట్టాడంది. చాలాసేపు గుడ్డ అంచు సరిచేస్తూ కూర్చుని చివరికి మాట్లాడింది.

“వాడు మేకని కూడా గట్టిగా అదిలించలేడు అన్నయ్యా. ఆ అరిచినవాడు నా కొడుకు కాడు. కానీ గొంతు మటుకు వాడిదే.”

రెండు మాటలూ ఆమె ఒకే నమ్మకంతో చెప్పింది. నాకు రెండూ అబద్ధంగా వినిపించలేదు. అక్కడే మొదటి చిక్కు వచ్చింది.

కేసు సంగతి చెబుతాను. జహారి తండ్రిగారింటి కింది గదుల్ని పాటలు రికార్డు చేసే స్టూడియోగా మార్చుకున్నాడు. చెల్లెలు నెదా అందులోనే పని చేసేది. లజర్ వాళ్ళిద్దరితో కలిసి పెరిగినవాడు, వాళ్ళ పాటగాడు. అతని గొంతు బల్గేరియాలో తెలియనివాళ్ళు లేరు. కంకర లారీ ఎత్తు ఎక్కుతూ గేరు మార్చినట్టుండే బొంగురు గొంతు. పెళ్ళి విందుల్లోనూ బస్సుల్లోనూ అదే మోగుతుంది.

సోమవారం సాయంత్రం నెదా కింది గదిలోకి వెళ్ళేసరికి జహారి వెల్లకిలా పడి ఉన్నాడట. తల వెనక భాగం ఇనప హీటరు మూలకి తగిలింది. గోడవార సోఫాలో లజర్ రకియా సారా తాగి ఒళ్ళు తెలియకుండా పడుకుని ఉన్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు. ఇదంతా నెదా చెప్పిందే.

కంప్యూటరు మాత్రం రికార్డు చేస్తూనే ఉంది. జహారికి అదొక అలవాటు. గదిలో అడుగు పెట్టగానే రికార్డింగు మొదలుపెట్టి వదిలేసేవాడు. రికార్డవుతోందని మర్చిపోయినప్పుడే ఎవడైనా బాగా పాడతాడని అతని నమ్మకం. ఊరందరికీ ఈ సంగతి తెలుసు. అందుకని పోలీసులు మొట్టమొదట దాన్నే విన్నారు. అందులో జహారి, “ఇక చాలు, నేను నిశ్చయించుకున్నాను” అంటాడు. వెంటనే ఆ బొంగురు గొంతు, “నిన్ను... బతకనివ్వను” అంటుంది. తర్వాత కాళ్ళ చప్పుడు, పడ్డ చప్పుడు.

ఇంతకంటే ఏం కావాలి?

స్టేషన్లో లజర్ ముందు టీ చల్లారి, పైన తెట్టు కట్టి ఉంది. నన్ను చూసి లేవబోయాడు, లేవడం సగంలో ఆపి మళ్ళీ కూర్చున్నాడు. నేను అడిగినవన్నిటికీ జవాబు చెప్పాడు. ఎక్కడా తడుముకోలేదు. ఎక్కడా గొంతు పెరగలేదు. ఆ గొంతు ఎంత సన్నగా ఉందంటే, నేను మాటిమాటికీ ముందుకి వంగాల్సి వచ్చింది. ఆ రోజు కొత్త పాటలు మొదలుపెట్టాలని జహారి పిలిచాడనీ, పని మొదలవకముందే సీసా మొదలైందనీ, సోఫా మెత్తగా ఉండటం వరకూ గుర్తుందనీ చెప్పాడు. తర్వాత గుర్తున్నది పోలీసు బూట్లు.

“గుర్తు లేనిదానికి సంతకం ఎలా పెట్టావురా?”

“విన్నాను కదా బాబాయ్.”

“ఏం విన్నావు?”

“నన్ను. పదేళ్ళుగా రేడియోలో వింటున్నాను, నాకు తెలీదా?”

“సరే, ఆ మాట ఇప్పుడు నా ముందు అను. ఆ గొంతుతోనే అను.”

అతను బల్ల కేసి చూశాడు. ఊపిరి పీల్చి ప్రయత్నించాడు. సైకిలు పంపులో వాషరు పోతే వచ్చే చప్పుడు వచ్చింది. ఇంకోసారి ప్రయత్నించమంటే ఇంకోసారీ అదే.

అప్పుడు చెప్పాడు, చల్లారిన టీ వైపు చూస్తూ. ఆ బొంగురు అతనిది కాదు. గాజు గదిలో నిలబడి ఈ సన్నని గొంతుతోనే పాడతాడు. పాడింది కంప్యూటరులోకి వెళ్ళాక వాళ్ళు దాన్ని ‘చించుతారు’. బయటికి వచ్చేది లోకానికి తెలిసిన లజర్. వేదికల మీద పాడేటప్పుడు కూడా తెర వెనక ఆ యంత్రం ఉంటుంది. జహారికీ నెదాకీ తనకీ తప్ప ఎవరికీ తెలియదు. తల్లికి కూడా చెప్పలేదు.

“మరి సోమవారం సాయంత్రం ఆ గొంతు నీ నోట్లోంచి ఎలా వచ్చిందిరా?”

“తాగితే వస్తుందేమో. తాగి పడుకున్నప్పుడు నన్ను నేను వినలేదు కదా.” టీ పక్కకి జరిపి, “జహారి లేడుగా బాబాయ్. ఇప్పుడు ఎవరిదైతే ఏంటి” అన్నాడు.

ఇలాంటి ఖైదీని నేను ఎప్పుడూ చూడలేదు. భయమో ఏడుపో ఉంటే పట్టుకోవడానికి ఒక పిడి ఉంటుంది. ఇతను నీళ్ళలో నానిన దుప్పటిలా ఉన్నాడు. ఎటు లాగితే అటు వస్తున్నాడు.

వరండాలో ఇన్‌స్పెక్టర్ స్త్రహిల్ కాచుకుని ఉన్నాడు. రాజధాని సోఫియాలో చదువుకుని వచ్చాడు, చొక్కా మడత నలగదు, మనిషీ నలగడు. నేనంటే అతనికి చిన్నచూపు అని ఊళ్ళో అంటారు, అది తప్పు. అతనికి నేను అసలు కనపడను.

ఆ గొంతు కంప్యూటరులో తయారయ్యేదని, గదిలో నిలబడి మాట్లాడిన నోటికి అది రాదని చెప్పాను. ఇక కేసు మూసెయ్యొచ్చు అన్నట్టు చెప్పాను. స్త్రహిల్ నవ్వలేదు.

“నిన్ననే నెదా గారు ఆ సంగతి మాకు చెప్పారు, గెంచో గారూ. లజర్ మైకు మీద ఆ ఎఫెక్టు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుందట. అతను ఏం మాట్లాడినా అలాగే రికార్డవుతుందట.”

లోపలి నుంచి నేను మోసుకొచ్చిన బాంబు అతని జేబులో రుమాలులా మడిచి ఉంది. నేను కాసేపు నా టోపీ చూసుకున్నాను.

“అదే గదిలో జహారి కూడా మాట్లాడాడు కదా నాయనా. అతని గొంతు చిరగలేదేం?”

“వేరే మైకు.”

“ఎవరెవరు ఏ మైకు దగ్గర నిలబడ్డారో చూశావా?”

“శవం ఎక్కడుందో చూశాను.”

“నేను మైకులు చూస్తాను. నువ్వూ రా. వ్యాను మధ్యాహ్నానికి గదా.”

“మీతో వస్తే నాకేంటి లాభం?”

“నేను తప్పని తేలితే, ఊళ్ళో ఆ కథ నువ్వు చెప్పుకోవచ్చు.”

అతను టోపీ తీసుకున్నాడు. దీన్నిబట్టి నేను అతనికి కొద్దిగా కనపడతానని తెలిసింది.

స్టూడియో తలుపు మీద జహారి ఫొటోతో చావు కాగితం అంటించి ఉంది. మా దగ్గర ఆ కాగితాలు గోడల మీద వంకరగా, బుడగలు తేలి ఉంటాయి. దుఃఖంలో ఉన్న చేతులు అంటించేవి గదా. ఇది మాత్రం గీత గీసినట్టు నిటారుగా ఉంది, నాలుగు మూలలూ నొక్కి ఉన్నాయి. నెదాయే అంటించిందని పక్కింటావిడ చెప్పింది.

నెదా నల్ల రుమాలు కట్టుకుని ఉంది. మమ్మల్ని చూసి ఆశ్చర్యపోలేదు, కాఫీ పెట్టనా అని అడిగి, పెట్టడం మర్చిపోయింది. చావింట్లో అద్దాల మీద గుడ్డ కప్పుతాం కదా, కంప్యూటరు తెర మీద కూడా నల్లగుడ్డ కప్పి ఉంది. ఆర్పేసిన తెరలో మొహం కనపడుతోందని కప్పానంది.

ఆ గది గోడలకి మందంగా స్పాంజి అంటించి ఉంది. అక్కడ మాట నోటి ముందే ఆగిపోతుంది. ఎవరు ఏమన్నా దిండు కింద నుంచి అన్నట్టుంది. ఆ వారమంతా ఊరు అలాగే ఉంది లెండి.

చూడాల్సింది ఎక్కువ లేదు. ఒక పక్క హీటరు, మూల దగ్గర తుడిచిన మరక. ఎదురుగా సోఫా. సోఫా పక్కన బల్ల, కంప్యూటరు. గది మధ్య పైకప్పు నుంచి ఒక మైకు వేలాడుతోంది. గదిలో జరిగేదంతా పట్టడానికి జహారి పెట్టుకున్నది అదే. మూలన పాటగాడు నిలబడే గాజు గది ఉంది. లజర్ మైకు ఆ గాజు గది లోపల ఉంది. దాని తలుపు బీరువా తలుపంత బరువు.

నేను ఆ గాజు గదిలోకి దూరి తలుపు మూసుకున్నాను. స్త్రహిల్‌ని బయట నుంచి ఏదైనా తిట్టమన్నాను. పెదాలు కదిలాయి, కొంచెం ఎక్కువగానే కదిలాయి, చప్పుడు రాలేదు. బయటికి వచ్చి అడిగాను. జహారితో పోట్లాడుతున్న మనిషి ఆ తలుపు లాగి, లోపలికి పోయి, మూసుకుని, మైకులో ఒక్క మాట అని, మళ్ళీ తలుపు తోసుకుని బయటికి వచ్చి చంపాడా అని.

“తాగినవాడు ఏమైనా చేస్తాడు” అన్నాడు స్త్రహిల్. కానీ ఆ గాజు తలుపుని తను కూడా ఒకసారి లాగి చూశాడు.

నెదా తెర మీద గుడ్డ తీసి రికార్డింగు పెట్టింది. జహారి మాట, బొంగురు మాట, కాళ్ళు, పడటం. నెదా మొహంలో ఏమీ లేదు. నా మొహంలోనూ లేదు. అన్న చచ్చిపోయే చప్పుడు వింటూ ఆమె బల్ల మీదున్న పాత కాఫీ కప్పు కింద తడిని చేత్తో తుడిచింది.

ఆ బొంగురు తీసేసి కింద ఉన్న అసలు గొంతు వినిపించగలవా అని అడిగాను.

“కుదరదు బాబాయ్.” ఆమె తెర మీద కొండల వరసలా ఉన్న గీతని చూపించింది. బొంగురు మాట దగ్గర కొండలకి శిఖరాలు లేవు, అన్నీ ఒకే ఎత్తున కోసేసినట్టున్నాయి. కొద్దిగా పెడితే గొంతు వెచ్చబడుతుందంది, ఎక్కువ పెడితే చిరుగుతుందంది, రెండూ ఒకే మీట మీద ఉంటాయంది. “కోసేసిన ముక్క ఎక్కడా దాగి ఉండదు. లేకుండానే పోతుంది. మొద్దుని చూసి కొమ్మ ఎంత ఉండేదో చెప్పలేం కదా.”

ఆమె నిజమే చెప్పింది. నేను ఇంటికి పోవాల్సిందే. కానీ నాకు మా ఊరి లౌడుస్పీకరు గుర్తొచ్చింది.

నా చిన్నప్పుడు సహకార వ్యవసాయం వాళ్ళు చావడి ముందు స్తంభానికి లౌడుస్పీకరు కట్టారు. దాన్ని నడిపే పెన్కో మామకి మీట ఆఖరిదాకా తిప్పడం ఒక్కటే తెలుసు. పాట పెట్టినా, గోధుమ దిగుబడి చదివినా ఒకటే గర్జన. తమాషా ఏమిటంటే, అతను చదవడం ఆపిన సందుల్లో, గది లోపల అతను పొద్దుతిరుగుడు గింజలు కొరకడం ఊరంతా వినపడేది. పెళ్ళాం గుసగుసగా తిట్టడం కూడా వినపడేది. మీట తగ్గించి చదివే రోజు మాత్రం ఇవేవీ వినపడేవి కావు. పైకప్పు తక్కువగా ఉన్న గదిలోకి నీళ్ళు నింపితే, పొడుగువాడి తల కప్పుకి తగిలి అక్కడే ఆగుతుంది. పొట్టివాడు మాత్రం తేలుతూ తేలుతూ పొడుగువాడి పక్కకి వచ్చేస్తాడు. చప్పుడూ అంతే. గట్టిది ఇక పెరగలేదు. మెల్లనిది పైకి లేస్తూనే ఉంటుంది.

“అయితే తియ్యొద్దమ్మా, ఇంకా పెట్టు” అన్నాను. “ఒక్క గొంతుకి కాదు. మొత్తం రికార్డింగుకి పెట్టు. గదిని చించు.”

నెదా చెయ్యి ఆగింది.

“ఏమీ అర్థం కాదు బాబాయ్. ఉత్త రొద వస్తుంది.”

“రొదే విందాం.”

“స్పీకర్లు పోతాయి. అన్న ఇష్టంగా తెచ్చుకున్నవి.”

“పెట్టండి” అన్నాడు స్త్రహిల్. నా మీద ప్రేమతో కాదు. పొద్దుటి నుంచి ఆమె కుదరదన్న మొదటి పని అది కాదు గానీ, కారణం చెప్పడానికి తడుముకున్న మొదటి పని అదే. అతను సోఫియాలో ఊరికే చదువుకోలేదు.

ఆమె మీటని సగం దాకా తెచ్చింది. ఇంకా అన్నాను. ఇంకొంచెం జరిపింది. స్త్రహిల్ వంగి, మౌసు మీద ఆమె చేతి పక్కనే చెయ్యి పెట్టి, ఆమె చెయ్యి తీసేదాకా ఆగి, మీటని ఆఖరికి లాగాడు.

గది లారీ అయిపోయింది. జహారి మాటలు ఉరిమాయి. మాటకీ మాటకీ మధ్య ఉండే నిశ్శబ్దం ఇప్పుడు వానలా కురిసింది. నేను తల పక్కకి వంచి, కళ్ళు సగం మూసి, ‘చెవి’ అనే పేరున్న మనిషి ఎలా వినాలో అలా విన్నాను.

ఇక్కడ మీకొకటి చెప్పెయ్యాలి. నాకు ఏమీ వినపడలేదు. నా కుడి చెవిని రాతి గనిలో పేలిన మందు ఎప్పుడో మింగేసింది. ఎడమ చెవిలో మిషను పెట్టారు. అది ఇలాంటి రొద వినగానే తనంతట తనే నోరు మూసుకుంటుంది. స్టేషన్లో నన్ను ‘చెవి’ అన్నది ఎందుకనుకున్నారు? పదిసార్లు పిలిస్తే ఒకసారి పలికేవాడిని కాబట్టి. ఆలూబుఖారా దొంగ కూడా కడుపునొప్పి వచ్చి డాక్టరు దగ్గర దొరికాడు. మొదట్లోనే ఈ ముక్క చెబితే మీరు ఇంతదాకా నాతో వచ్చేవారు కాదు.

వినపడనివాడికి చూడటం తప్ప ఏం పనుంటుంది. నేను నెదాని చూస్తున్నాను. తెర మీద గీత కదులుతోంది, దాన్నిబట్టి జహారి మాట అయిపోయింది. బొంగురు గొంతు ‘నిన్ను’ అంది, ఆగింది. ఆ సందులో నెదా చెయ్యి మౌసు కోసం రాలేదు, నేరుగా స్పీకరు మీట దగ్గరికి వెళ్ళి చప్పుడు తగ్గించేసింది. వేడి పెనం తగిలిన చెయ్యి అంత వేగంగా కదిలింది. ఆ తర్వాతే స్త్రహిల్ తల ఎత్తాడు.

“పెంచండి” అన్నాడు. ఆమె పెంచలేదు. అతనే పెంచి, వెనక్కి జరిపి మళ్ళీ పెట్టాడు. మూడోసారి కూడా పెట్టాడు. వేలితో బల్ల మీద తాళం వెయ్యడం మొదలుపెట్టాడు. జహారి మాటకి ముందు, మాట మధ్య, ‘నిన్ను’కీ ‘బతకనివ్వను’కీ మధ్య, పడ్డ చప్పుడు తర్వాత కూడా ఆ వేలు ఒకే నిదానంతో లేచి దిగింది.

“ఏం వినపడుతోంది నాయనా?” అని అడిగాను. పరువు సంగతి అప్పటికే మర్చిపోయాను.

స్త్రహిల్ నా వైపు తిరిగాడు. ఆ మొహంలో గెలుపు లేదు, ఓటమీ లేదు.

“గురక” అన్నాడు. “ఎవడో హాయిగా నిద్రపోతున్నాడు. ‘నిన్ను బతకనివ్వను’ అంటున్నప్పుడు కూడా నిద్రపోతూనే ఉన్నాడు.”

ఆ ఇంట్లో ఆ సాయంత్రం పడుకుని ఉన్నది ఒక్కడే. గురక పెడుతూ ఎవడూ బెదిరించలేడు. మరి ఆ మాట అక్కడికి ఎవరు తెచ్చి పెట్టారు? ఆ కంప్యూటరు మీద అలాంటి పని చెయ్యగలిగినవాళ్ళు ఇద్దరు. ఒకరు హీటరు పక్కన పడి ఉన్నారు.

అడగాల్సింది అతను అడిగాడు. గురక అందులో ఉందని ముందే తెలుసా అన్నాడు.

“తెలీదు. ఇప్పుడే విన్నాను” అంది నెదా. అది నిజమే. తర్వాత ఆమె అతన్ని వదిలేసి నాతో మాట్లాడింది, ఎందుకో మరి.

“నా మాటలు కోసి తీసేశాను బాబాయ్. తీసేశాక అక్కడ ఖాళీ మిగిలింది.”

“ఖాళీ అంటే?” అన్నాడు స్త్రహిల్.

“గది లేదు అక్కడ. గాలి లేదు. ఉత్త శూన్యం. పాత పాటలోంచి లజర్ మాట ఒకటి తీసి దానిమీద పెడితే, గాల్లో వేలాడుతున్నట్టుంది. అలా వదిలేస్తే కనిపెట్టేస్తారు. అందుకని అదే సాయంత్రం రికార్డింగులోంచి, ఎవరూ మాట్లాడని చోటు నుంచి గది చప్పుడు ఒక ముక్క తీసి కింద పరిచాను. ఎవరైనా అంతే చేస్తారు.”

“మేం కనిపెట్టేవాళ్ళం కాదు” అన్నాడు స్త్రహిల్.

“నేను కనిపెట్టేదాన్ని” అంది.

స్పాంజి గోడలు ఆ మాటని కూడా పీల్చుకున్నాయి. నేను చాలామంది హంతకుల్ని చూశాను. రక్తం తుడవడం మర్చిపోయినవాళ్ళు, కత్తి తోటలో వదిలేసినవాళ్ళు. పని నీటుగా లేదని శవం పక్కన కూర్చుని సరిచేసుకున్న మనిషిని ఈమెనే చూశాను. పని సగం చేసి వదిలేసి ఉంటే, ఖాళీని ఖాళీగానే ఉంచి ఉంటే, మా ఊళ్ళో దాన్ని పట్టుకునే చెవి లేదు. మధ్యాహ్నం వ్యాను లజర్‌తో వెళ్ళిపోయేది.

మిగతాది ఆమె మెల్లగా చెప్పింది, నేను మళ్ళీ మళ్ళీ ముందుకి వంగి విన్నాను. ఆ బొంగురు చేసింది జహారి కాదు, ఆమె. మొదటి పాటకి ఎంత చించాలో, ఏ అక్షరం దగ్గర వదలాలో వారాల తరబడి కూర్చుని చేసింది. దాని మీద ఆమె పేరు ఎక్కడా లేదు, ఆమె అడగనూ లేదు. రేడియోలో ఆ గొంతు వచ్చినప్పుడు తను ఉన్నట్టు అనిపించేదట, అంతే. సోమవారం సాయంత్రం జహారి ఇక చాలన్నాడు. కొత్త పాటల్లో లజర్ సొంత గొంతే ఉంటుందన్నాడు. ఆ బొంగురు అబద్ధమని మనమే ముందు చెప్పేద్దామన్నాడు.

“అబద్ధం అన్నాడు బాబాయ్. నన్ను చూసే అన్నాడు.” చేతులు ఒళ్ళో పెట్టుకుంది. “ఒక్కసారే తోశాను.”

స్త్రహిల్ స్టేషనుకి ఫోను చేసి వ్యాను ఆపమన్నాడు. ఎందుకని అవతలివాళ్ళు అడిగినట్టున్నారు, ఆపమన్నానని మళ్ళీ చెప్పాడు. నెదా లేచి కంప్యూటరు ఆర్పింది. ఆరిన తెరలో తన మొహం కనపడిందేమో, నల్లగుడ్డ తీసి మళ్ళీ కప్పింది, అంచులు సమానంగా ఉన్నాయా అని చూసుకుంది.

స్టేషన్లో లజర్‌కి నేనే చెప్పాను. నువ్వు కాదురా, నువ్వు నిద్రపోతూనే ఉన్నావు, నీ గురకే నిన్ను బయటపడేసింది అని. అతను నవ్వుతాడనుకున్నాను. వినొచ్చా అని అడిగాడు. స్త్రహిల్ తన ఫోనులోకి ఎక్కించుకున్న ముక్కని బల్ల మీద పెట్టి వినిపించాడు. లజర్ తల వంచుకుని చివరిదాకా విన్నాడు.

“ఇది కూడా చించిందేనా బాబాయ్?” అన్నాడు.

అవునన్నాను.

గట్టి కథే కదా? ఇందులో ఈ ఆఖరి ముక్క నేను కల్పించింది. లజర్ దాన్ని వినలేదు, వినాలని అడగలేదు. చించిందా లేదా అన్న మాట నేను ఇంటికి నడిచి వస్తూ అతని నోట్లో పెట్టాను. ఏదో ఒకటి పెట్టకపోతే అక్కడ మరీ ఖాళీగా ఉంది. నిజంగా అతను అడిగింది ఒక్కటే, నెదాని ఏ గదిలో పెట్టారని. చూపించాను. నువ్వు వెళ్ళిపోవచ్చు, మీ అమ్మ గేటు దగ్గర ఉందని స్త్రహిల్ రెండుసార్లు చెప్పాడు. లజర్ తల ఊపి, ఆ గది తలుపుకి ఎదురుగా ఉన్న బెంచీ మీద వెళ్ళి కూర్చున్నాడు. నేను టోపీ పెట్టుకుని వచ్చేసేదాకా అక్కడి నుంచి లేవలేదు.